మావయ్య రాసింది, నాన్న చూడనిది

పేరు, ఇంటి చిరునామా మీ రైటరు గారు పై కాగితంలో రాసుకున్నారు. వయసు పందొమ్మిది. డిగ్రీ రెండో ఏడు, భాషాసాహిత్యం చదువుతున్నాను. మధ్యాహ్నాలు సిటీ బస్సుల డిపోలో, ప్రయాణికులు మరిచిపోయిన సామాన్ల కౌంటరులో పని చేస్తాను. గొడుగులు, కళ్ళజోళ్ళు, ఒంటి చెప్పులు ఎక్కువగా వస్తాయి. ఒక చెప్పు బస్సులో వదిలేసి రెండో చెప్పుతో ఇంటికి ఎలా వెళ్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ కేసులో మీరు అరెస్టు చేసిన వెహికల్ గుమాస్తా మా అమ్మ తమ్ముడు, నాకు మావయ్య. డిపో హెడ్ మెకానిక్ మా నాన్న. చనిపోయిన డ్రైవరు మాకు చుట్టం కాదు. డిపోలో అందరూ ఆయన్ని ఈల బాబాయ్ అనేవారు. హారను పని చేస్తున్నా మలుపు దగ్గర ఈల వేసేవాడు. నన్నూ అందరిలాగే ‘అమ్మాయ్’ అని పిలిచేవాడు.

నన్ను ఎవరూ పంపలేదు. ఎవరూ నేర్పి పెట్టలేదు. నేను చెబుతుంటే రైటరు గారు రాస్తానన్నారు. నేనే రాసిస్తానంటే మీరు ఒప్పుకున్నారు.

ముందు డిపోలో పని ఎలా జరుగుతుందో చెబుతాను. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

డిపో గేటు పక్కన గాజు గది ఉంది. అందులో ఒక మూల నా కౌంటరు, ఇంకో మూల వెహికల్ గుమాస్తా బల్ల. డిపో మొత్తానికి ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు ఆ బల్ల మీద ఉంటుంది. బస్సు లోపలికి వచ్చాక డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి బస్సులో ఏం లోపం ఉందో చెబుతాడు. గుమాస్తా కంప్యూటరులో రాస్తాడు. మర్నాడు పొద్దున్నే హెడ్ మెకానిక్ అదే కుర్చీలో కూర్చుని ఆ జాబితా తెరుస్తాడు. రిపేరు చేసినదాని పక్కన ‘అయింది’ అని కొడతాడు. ఒక బస్సుకి జాబితాలో ఏమీ మిగలకపోతే ‘లోపాలు లేవు’ అని చీటీ అచ్చవుతుంది. ఆ చీటీ చేతిలో ఉంటేనే గేటు తెరుస్తారు.

నోటిమాట చెల్లదు. అలాగని గోడ మీద బోర్డు కూడా ఉంది. ఒకప్పుడు డ్రైవర్లు మెకానిక్కుల చుట్టూ మూగి, నా బస్సు ముందు, నా బస్సు ముందు అని గొడవ చేసేవారట. అందుకని మేనేజరు గారు డ్రైవర్లని షెడ్డులోకి రానివ్వడం మానేశారు. ఏం చెప్పాలన్నా కంప్యూటరుకే చెప్పాలి.

మా నాన్న, మావయ్య ఆరేళ్ళుగా మాట్లాడుకోరు. మావయ్య స్కూటరు నాన్న బాగు చేసి ఇచ్చాడు. అది మావయ్య పెద్ద ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తుంటే దారిలో ఆగిపోయింది. సాయంత్రం ఇంటికి వచ్చి, పదిమంది ముందు, ‘చేతకాకపోతే చేతకాదని చెప్పొచ్చుగా బావా’ అన్నాడు. నాన్న చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు. ఆరోజు నుంచి మాటల్లేవు. ఇంటికి వస్తే ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని కూడా, ‘మీ నాన్నని ఆ పేపరు ఇటు ఇమ్మను’ అని మావయ్య నాతో అంటాడు. ‘చదవడం అవ్వలేదని చెప్పు’ అని నాన్న నాతో అంటాడు. చిన్నప్పుడు అది నాకు ఆటలా ఉండేది.

డిపోలో కూడా అంతే. మావయ్య పొడుగు, నాన్న పొట్టి. పొద్దున నాన్న కుర్చీ కిందికి దించుకుంటాడు. మధ్యాహ్నం మావయ్య వచ్చి, ‘మళ్ళీ గోతిలో పడేశాడు’ అని గొణుక్కుంటూ పైకి ఎత్తుకుంటాడు. ఆ కుర్చీలో కూర్చుంటే షెడ్డులో నాన్న దగ్గు వినిపిస్తుంది. అంత దగ్గర. కానీ ఒకరి మాట ఇంకొకరికి అందేది ఆ జాబితాలోనే. డిపోలో అందరికీ తెలుసు. ‘బావా బావమరుదులకి కాపురం చేయించేది ఈ కంప్యూటరే’ అని నవ్వేవారు.

ఆ జాబితా ప్రోగ్రాము చాలా పాతది. ఎప్పుడో స్టోర్సులో పని చేసిన ఒకాయన సొంతంగా నేర్చుకుని తయారు చేశాడు. ఆయన ఇప్పుడు లేడు. దాన్ని మార్చడం ఎవరికీ రాదు, మార్చాల్సిన అవసరమూ రాలేదు. పాత కంప్యూటరులో అందరికీ ఒకటే లాగిన్. తెరిచి ఉంచేవారు, ఎవరు పడితే వాళ్ళు కూర్చునేవారు.

పోయిన నెలలో పాత కంప్యూటరు కాలిపోయింది. హెడ్డాఫీసు నుంచి కొత్తది వచ్చింది. దాంతో పాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది. ఇకమీదట ఎవరి పేరు మీద వాళ్ళే, ఎవరి పాస్‌వర్డ్‌తో వాళ్ళే కంప్యూటరు తెరవాలి. మావయ్యకి ఒకటి, నాన్నకి ఒకటి, నాకు ఒకటి, టికెట్ల సూపర్‌వైజరు అత్తకి ఒకటి ఇచ్చారు. ఆ అత్త మాకేమీ కాదు. పెద్దావిడ కాబట్టి అలా పిలుస్తాను.

కంప్యూటరు బిగించడానికి వచ్చినాయన, కాలకుండా మిగిలిన డిస్కులోంచి పాత ప్రోగ్రామునీ జాబితానీ కూడా అందులో ఎక్కించాడు. ఆరోజు నేను గదిలోనే ఉన్నాను. మొదటిసారి ఒక ఫిర్యాదు రాసి నొక్కగానే ‘ఈ ఫోల్డరులో రాయడానికి మీకు అనుమతి లేదు’ అని వచ్చింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే.

‘ఇదేంటండీ, మన ఇంట్లోకి మనకే అనుమతి లేదంటుంది?’ అన్నాడు మావయ్య.

‘కొత్త సిస్టమ్‌లు అంతే సార్. ప్రోగ్రాములుండే చోట ఎవరినీ రాయనివ్వవు. మీ ప్రోగ్రామేమో తన ఫోల్డరులోనే రాసుకుంటుంది, పాతకాలం బుద్ధి. ఉండండి, దీనికో దారి ఉంది’ అని ఆయన ఎక్కడో ఒక సెట్టింగు మార్చాడు. ఈసారి ‘నమోదు అయింది’ అని వచ్చింది. ‘చూశారా, ఇక అడ్డు చెప్పదు’ అన్నాడు. మావయ్య ఆయన భుజం తట్టాడు. నేను కూడా సంతోషించాను.

తర్వాత రెండు వారాలు నేను చూసినవి, విన్నవి మాత్రమే రాస్తున్నాను.

నాన్న జాబితాలో ఉన్న పాత పనులన్నీ మూడు రోజుల్లో అయిపోయాయి. కొత్తవి రాలేదు. షెడ్డులో పెద్ద ఫిట్టరు, ‘కొత్త కంప్యూటరుని చూసి బస్సులకి సిగ్గొచ్చింది, రోగాలు చెప్పుకోవట్లేదు’ అన్నాడట. నాన్న ఆ మాట ఇంట్లో చెప్పి నవ్వాడు. నాన్న ఎండ ఉండగానే ఇంటికి రావడం నేను మొదటిసారి చూశాను. నా టేబుల్ లైటు మెడ విరిగి ఏడాది అయింది, దాన్ని బాగు చేసి పెట్టాడు. మధ్యాహ్నం నిద్రపోయాడు. అమ్మ, ‘ఈయనకి ఒంట్లో బాగానే ఉందా?’ అని నన్ను అడిగింది.

అమ్మ ఒకసారి, ‘నిజంగానే పనుల్లేవా?’ అంటే నాన్న, ‘ఉంటే మీ తమ్ముడు రాయడా? రాసేవాడికి బద్ధకమేమో నాకేం తెలుసు?’ అన్నాడు.

అదే వారం మావయ్య అమ్మకి ఫోను చేశాడు. ఇది అమ్మ నాతో తర్వాత చెప్పింది. ‘అక్కా, బావ ఒక్కదానికీ అయింది అని కొట్టట్లేదు. రోజూ రాస్తున్నాను. ముప్పై దాటాయి. నా మీద కోపం బస్సుల మీద చూపిస్తున్నాడు’ అన్నాడట. ‘మీ డిపో గొడవలు నా ఇంట్లోకి తేవద్దురా’ అని అమ్మ ఫోను పెట్టేసింది. అవి ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఎప్పుడూ చెప్పే చాడీల్లాగే ఉన్నాయి.

చీటీలు మాత్రం రోజూ అచ్చవుతూనే ఉన్నాయి. లోపాలు లేవు. లోపాలు లేవు. లోపాలు లేవు.

పోయిన సోమవారం సాయంత్రం ఐదున్నరకి ఈల బాబాయ్ కిటికీ దగ్గరికి వచ్చాడు. మావయ్య కళ్ళజోడు ఆరోజు విరిగింది. కౌంటరులో ఉన్న పాత జోళ్ళు నాలుగైదు పెట్టి చూసుకున్నాడు, ఏదీ సరిపడలేదు. ‘నువ్వు కొట్టు తల్లీ’ అని కుర్చీలోంచి లేచాడు. కంప్యూటరు మావయ్య లాగిన్‌లో తెరిచి ఉంది. నేను కూర్చున్నాను.

‘ఏంటి బాబాయ్ సమస్య?’ అన్నాను.

‘బ్రేకు తొక్కితే ఆలోచించుకుని చెప్తానంటోంది అమ్మాయ్.’

నేను అదే మాట రాశాను. నాకు ఆ మాట నచ్చింది. మావయ్య దగ్గరగా వంగి చూసి, ‘కవిత్వం వద్దే, కంప్లయింటు రాయి’ అన్నాడు. చెరిపి ‘బ్రేకు ఆలస్యంగా పడుతోంది’ అని రాశాను.

‘మూడోసారి చెప్పడం ఇది’ అన్నాడు ఈల బాబాయ్.

‘నేను మూడుసార్లూ రాశాను’ అన్నాడు మావయ్య. ‘చెయ్యాల్సినవాడు దొరగారిలా పడుకుంటే నేనేం చెయ్యను?’

‘ఒక్కసారి గట్టిగా చెప్పరాదూ?’

‘నేను చెప్పేది ఇక్కడే.’ మావయ్య స్క్రీను మీద వేలు పెట్టాడు.

నేను పైకి జరిపి చూశాను. ఆ బస్సు నంబరు మీద అంతకుముందు రెండు ఫిర్యాదులు ఉన్నాయి. రెండూ బ్రేకు గురించే. రెండింటి పక్కనా ‘అయింది’ లేదు. నేను రాసింది మూడోది. నొక్కాను. ‘నమోదు అయింది’ అని వచ్చింది. ఈ మూడూ నేను నా కళ్ళతో చూశాను. దీని మీద ఎన్నిసార్లు అడిగినా ఇదే చెబుతాను.

మంగళవారం పొద్దున ఆ బస్సుకి నాన్న లాగిన్ నుంచి ‘లోపాలు లేవు’ చీటీ వచ్చింది. గేటు మనిషి చెప్పినదాని ప్రకారం, ఈల బాబాయ్ చీటీ చూసి, ‘హమ్మయ్య, ఈసారైనా చేశారు’ అన్నాడు. చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బ్రేకు బాగయిందనుకునే మార్కెట్ వైపు దిగుడు రోడ్డు దిగాడు.

ఏడుంబావుకి మార్కెట్ దగ్గర ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు. స్టాపులో జనం ఉన్నారని ఆయన బస్సుని గోడ వైపు తిప్పాడని మీ కాగితాల్లో ఉంది. ఆయన ఈల వేశాడా అని ఎవరినైనా అడిగారో లేదో నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం హెడ్డాఫీసు వాళ్ళు వచ్చారు. నాన్న లాగిన్ తెరిచి చూశారు. ఆ బస్సు మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. మావయ్యని పిలిచి అడిగితే మూడు రాశానన్నాడు. ‘ఎక్కడ? చూపించు’ అన్నారు. నాన్న లాగిన్‌లోనే తెరిచి ఉన్న జాబితాని మావయ్య స్క్రీనుకి మొహం ఆనించి పైనుంచి కిందికి చూశాడు. తర్వాత ఒక్కటే అన్నాడు: ‘బావ చెరిపేశాడు.’

నాన్న అక్కడే ఉన్నాడు. గోడ వైపు చూస్తూ, ‘రాయనిది ఎలా చెరుపుతారో అడగండి’ అన్నాడు.

డ్రైవరు చెప్పింది రాయలేదని మావయ్యని సస్పెండ్ చేశారు. సస్పెండ్ అయినవాడి పేరు కంప్యూటరులో ఉండకూడదని నిబంధన. అక్కడికక్కడే తీసేశారు. తీసేటప్పుడు ‘ఈ వ్యక్తి ఫైళ్ళు కూడా తొలగించాలా?’ అని కంప్యూటరు అడిగింది. వచ్చినాయన అవునని నొక్కాడు. నేను నా కౌంటరులో నిలబడి చూస్తున్నాను. అది మామూలు ప్రశ్నే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత డిపోలో నా పనికి నా లాగిన్ తెరిచాను. నేనే రాసిన ఫిర్యాదు ఎటు పోయిందో చూద్దామని ఆ పాత ప్రోగ్రాము తెరిచాను. అంతకుముందు నా లాగిన్‌లో దాన్ని ఎప్పుడూ తెరవలేదు. అందులో మావయ్య రాసినవి లేవు. అంతవరకు నాన్న చెప్పిందే నిజమనిపించింది. కానీ నాన్న కొట్టిన ‘అయింది’లు కూడా లేవు. నాన్న మూడు రోజుల్లో పూర్తి చేశానన్న పనులన్నీ నా జాబితాలో ఇంకా చెయ్యనివిగానే ఉన్నాయి. తలుపు బాగుపడి తిరుగుతున్న బస్సుకి తలుపు ఊడిందని ఉంది. కొత్త కంప్యూటరు వచ్చిన రోజు జాబితా ఎలా ఉందో, నాకు అలాగే కనబడింది.

నేను ఒక ఉత్తుత్తి ఫిర్యాదు రాశాను. నమోదు అయింది అంది. సూపర్‌వైజరు అత్తని పిలిచి ఆవిడ లాగిన్‌లో చూడమన్నాను. లేదు. ఆవిడ ఇంకొకటి రాసింది. నా దాంట్లో చూస్తే లేదు. ‘అదేంటే, ఒకే పెట్టె కదా?’ అంది అత్త.

కంప్యూటరు బిగించినాయనకి ఫోను చేశాను. చూసింది నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత, ‘పాత ప్రోగ్రాము రాయకూడని చోట రాయబోతే, సిస్టమ్ అడ్డుపడకుండా పక్కకి తీసుకెళ్ళి రాయిస్తుందమ్మా. ఒక్కొక్కరి పేరు కింద ఒక్కో నకలు. ఎవరికి వాళ్ళకి అంతా బాగానే కనబడుతుంది’ అన్నాడు. ‘మరి ఒకరు రాసింది ఇంకొకరికి?’ అంటే, ‘కనబడదు’ అన్నాడు. వచ్చి మీతో చెప్పమన్నాను. పిల్లలున్నవాణ్ణి, నా పేరు ఎత్తకు అన్నాడు. అందుకని ఎత్తడం లేదు. మీరు కనుక్కోవడం కష్టం కాదు.

ఇంట్లో చెప్పాను. అమ్మ పొయ్యి ఆపేసి కూర్చుంది. ‘మావయ్య రాశాడని నువ్వు చెప్తే, చూసి కూడా చీటీ ఇచ్చాడని మీ నాన్నని తీసుకెళ్తారు. చెప్పకపోతే వాణ్ణి వదలరు’ అంది. ‘ఇద్దరూ నిజమే చెప్తున్నారమ్మా’ అన్నాను. ‘ఎవరు నమ్ముతారే?’ అంది. మళ్ళీ తనే, ‘వీడు రాస్తున్నానన్నాడు. ఆయన రావట్లేదన్నాడు. రెండూ విన్న చెవులు నావే’ అంది. అప్పటి నుంచి అమ్మ సరిగ్గా తినడం లేదు. పిలిస్తే రెండోసారికి పలుకుతోంది.

నాన్న అంతా విని, ‘నేను చూడలేదంటే నమ్ముతున్నావా?’ అన్నాడు.

‘నమ్ముతున్నాను.’

‘అయితే వాడు రాయలేదు.’

‘నేనే రాశాను నాన్నా. నా చేత్తో కొట్టాను.’

నాన్న నా చేతుల వైపు చూశాడు. లేచి చొక్కా వేసుకుని డిపోకి వెళ్ళాడు. డ్యూటీ లేదు. ఇప్పుడు రోజూ అంతే. జాబితా చూడడు. వరసలో ఉన్న ప్రతి బస్సు కిందా పడుకుని బ్రేకులు చూస్తాడు. చివరి బస్సు అయ్యాక మళ్ళీ మొదటిదాని దగ్గరికి వెళ్తాడు. పెద్ద ఫిట్టరు ఇంటికి పొమ్మంటే, ‘ఇది చూసి పోతా’ అంటాడు.

నిన్న మీ అనుమతితో మావయ్యని చూశాను. అక్కడ కూడా ఇదంతా చెప్పాను. మావయ్య కళ్ళజోడు లేకుండా నన్ను వెతుక్కుంటున్నట్టు చూశాడు. ‘నీకు మీ నాన్న మీద ప్రేమ, అందుకని కథ అల్లుతున్నావు. వాడు చూశాడు. చూసి వదిలేశాడు’ అన్నాడు. ‘చూడలేదు మావయ్యా, చూడటానికి అక్కడ ఏమీ లేదు’ అన్నాను. ‘అలాగైతే నేను నోటితో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేదంటావా?’ అన్నాడు. నేను నోరు తెరవబోయాను. ‘అనకు. ఆ మాట మాత్రం అనకు’ అని మొహం అటు తిప్పుకున్నాడు.

ఇవాళ పొద్దున స్వాధీనం చేసుకున్న కంప్యూటరు మీద, మీ ముందే, నా లాగిన్‌లో ఒకటి రాసి, అత్త లాగిన్‌లో అది లేదని చూపించాను. ఇద్దరు కానిస్టేబుళ్ళు కూడా చూశారు. మీరు రెండుసార్లు చేయించారు. తర్వాత, ‘దీన్నిబట్టి మీ మావయ్య రాసి ఉండొచ్చు అని తేలుతుంది. రాశాడని తేలదు. ఆయన పేరు కింద ఉన్నదంతా పోయింది. మిగిలింది నీ మాట. నువ్వు మేనకోడలివి’ అన్నారు. మీరు కటువుగా అనలేదు. అయినా అది నిజం.

మా నాన్నని కాపాడటానికి మావయ్య మీద, మావయ్యని కాపాడటానికి నాన్న మీద నేను ఏమీ చెప్పడం లేదు. ఎవరి మీదా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఈల బాబాయ్ భార్య డిపోకి వచ్చి, ‘చెప్పాడటగా, మూడుసార్లు చెప్పాడటగా, ఎవరికి చెప్పాడు?’ అని ప్రతి ఒక్కరినీ అడిగింది. నన్నూ అడిగింది. నాకు చెప్పాడు అన్నాను. ఆవిడ నా కౌంటరు ముందు కూర్చుండిపోయింది. అక్కడున్న గొడుగుల్లో ఆయనది ఒకటి ఉందేమోనని వెతికి చూసుకుని, లేదని వెళ్ళిపోయింది.

నాకు ఒక్క కోరిక ఉంది. ఈ వాంగ్మూలాన్ని నాన్నకీ మావయ్యకీ విడివిడిగా ఇవ్వవద్దు. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒకరే, ఒక్కసారే, ఇద్దరికీ వినబడేటట్టు పైకి చదవాలి. మధ్యలో నన్నో అమ్మనో పెట్టకూడదు.

అది కుదరదని మీరు చెప్పారు. కేసు తేలేదాకా నిందితుడినీ సాక్షినీ ఒకచోట ఉంచకూడదని, నిబంధనల ప్రకారం ఎవరి నకలు వారికి విడిగా అందుతుందని చెప్పారు. ఆ మాట కూడా ఇందులో రాయమంటే రాశాను.

పైన ఉన్నది నేను చూసి, విని, చేసినదే. ఎవరి బలవంతమూ లేకుండా నా చేతిరాతతో రాశాను. రాసింది మొదటి నుంచి మళ్ళీ చదువుకున్నాను. మార్చాల్సినది ఏమీ కనబడలేదు. ఇది నిజమని ఒప్పుకుంటూ

(సంతకం)